ఊరి పేరు చదవకు

ఇలోయిలో నగరం
జూన్, మొదటి వారం

తోతో,

కార్పొరల్‌ని అయ్యాను, ఇంక చిన్నపిల్లాణ్ణి పిలిచినట్టు తోతో అని పిలవకు అని రాశావు. నీ ముక్కు తుడిచి, నీ చెప్పులు వెతికిచ్చి బడికి పంపినదాన్ని. జనరల్‌వి అయినా నాకు తోతోవే. వినడం ఇష్టం లేకపోతే ఆదివారాలు రేడియో కట్టేసుకో.

కట్టెయ్యలేవులే. మా 'సిపాయిల గంట'కి ఇప్పుడున్న గిరాకీ నువ్వు చూడాలి. కార్యక్రమం మూడింటికైతే భోజనాల వేళకే స్టేషన్ మెట్లనిండా తల్లులు, భార్యలు. మైకు ముందు ఒక్కొక్కరికి దొరికేది నాలుగు మాటలు. ఆ నాలుగూ సముద్రం దాటి మిందనావ్ దాకా వినబడాలని ఒకటే అరుపు. "అరవక్కర్లేదమ్మా, ఆ పని యంత్రం చేస్తుంది" అన్నానొకావిడతో. "మావాడికి చెవుడని నీ యంత్రానికి తెలుసా?" అని గయ్యిమంది.

పోయిన ఆదివారం నీ ఉత్తరం మొత్తం చదివాను. తుగాస్ కొండమీద సాన్ రోకె బడిలో దిగారనీ, వెనక వాగులో స్నానాలనీ, సార్జెంటు దాచుకున్న ఎండుచేపలు మీరు కాజేశారనీ. అందరూ పగలబడి నవ్వారు. ఆ చేపలు పంపిన సార్జెంటు భార్య కూడా మెట్లమీదే ఉంది. "పోనీలెండి, ఎవరో ఒకరు తిన్నారు" అంది.

అమ్మ పోతూ పోతూ నీ మెళ్ళో వేసిన జపమాల ఉందా, ఎక్కడైనా తెంపుకున్నావా?

మీ అక్క
మినియా


తుగాస్ కొండ, మిందనావ్
జూన్

అక్కా,

జపమాల ఉంది. దారం తుప్పురంగుకి తిరిగింది, అంతే.

నీ గొంతు విన్నాం. రేడియోని బడి వరండా గట్టుమీద పెట్టి చుట్టూ కూర్చుంటాం. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెడతాం, ఇంకో ఆదివారానికి ప్రాణం లేచొస్తుంది. మీ కార్యక్రమం తర్వాత వచ్చే నాటకం కూడా వదలం. ఆ మేనత్త ఎప్పుడు చస్తుందో నువ్వు ముందే చెప్పేస్తే మా పందేలు తేలిపోతాయి.

ఒక్క మాట. నా ఉత్తరాలు చదువు, సార్జెంటు చేపలు చదువు. ఊరి పేరు చదవకు. బడి పేరు, వాగు సంగతి అసలొద్దు. అవతలివాళ్ళకి, ఆ తిరుగుబాటుదార్లకి, మన భాష రాదనుకుంటున్నావేమో. వాళ్ళు మనవాళ్ళు వలసొచ్చిన ఊళ్ళ మధ్యే పుట్టారు, సంతలో మన భాషలోనే బేరాలాడతారు. నాకంటే చక్కగా తిడతారు కూడా.

కోపం తెచ్చుకోకు. కెప్టెన్ సారు చెప్పమన్నారు.

రొదెల్


ఇలోయిలో నగరం
జూలై

తోతో,

కోపం ఎందుకు రాదు? రాత్రి ఏడింటి టీవీ వార్తల్లో మీ కొండని పటం గీసి మరీ చూపించారు. ఎర్ర బాణం గుర్తు, పక్కన మీ కంపెనీ పేరు. మనీలా నుంచొచ్చిన ఒక కుర్రది మీ ఇసుక బస్తాల ముందు నిలబడి, ఎంతమంది ఉన్నారో, ఫిరంగి ఏ మూలనుందో చెప్పింది. అప్పుడు మీ కెప్టెన్ ఆ పిల్ల పక్కన జుట్టు దువ్వుకుని నిలబడ్డాడు. నేను ఎండుచేపల గురించి చదివితేనే కొంపలు మునిగాయా?

సరే, నువ్వు అడిగావు కాబట్టి చదవను. కానీ వచ్చినవాళ్ళ నోరు నేనెలా మూస్తాను? పోయిన ఆదివారం లారీ డ్రైవరు క్రిసాంతో భార్య తెరెసీటా వచ్చింది. మొగుడి పుట్టినరోజట. మనిషి దగ్గర లేకపోయినా ఆయుష్షు కోసం సేమ్యా వండాలి కదా, ఇంత పెద్ద గిన్నెడు వండి మెట్లమీద అందరికీ పంచింది. తుంచకుండా తినండి, తుంచితే ఆయుష్షు తెగుతుందని ఒక్కొక్కరికీ పేరుపేరునా చెప్పింది. మా మేనేజరు సెనోన్ సారు పోగులు పోగులుగా జుర్రుకోలేక చొక్కా పాడుచేసుకున్నారు.

మైకు ముందు ఆ పిల్ల సిగ్గుపడుతూ, "ఏవండీ, గురువారం బియ్యం లారీతో కిందకి దిగుతానన్నారుగా. వంతెన దగ్గర చర్చిలో నా పేరున ఒక కొవ్వొత్తి వెలిగించండి. చొక్కా మార్చుకుని వెళ్ళండి, ఆ ఆయిలు చొక్కాతో వద్దు" అంది. చెప్పు, ఆ అమ్మాయిని మధ్యలో ఆపమంటావా? నువ్వైతే ఆపేవాడివా?

నిమ్మకాయలు, బిస్కెట్లు పంపుతున్నాను. సార్జెంటుకి కూడా పెట్టు.

మినియా


కొండమీద
జూలై

అక్కా,

గురువారం లారీని వంతెన దగ్గర కొట్టారు. క్రిసాంతో పోయాడు. లారీలో వెనక కూర్చున్నవాళ్ళిద్దరికీ తగిలింది, బతుకుతారు.

నేను వెళ్ళి తీసుకొచ్చాను. చర్చికి ఎదురుగా ఆపి దిగుతున్నాడట. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

అవతలివాళ్ళలో ఒకడు అక్కడే పడిపోయాడు. వాడి సంచిలో చిన్న రేడియో ఉంది. ముల్లు మీ స్టేషన్ దగ్గరే ఉంది. దాన్ని పట్టుకుని కెప్టెన్ సారు అందరి ముందూ తిప్పి చూపించారు. వాడు నాటకం కోసం పెట్టుకున్నాడేమో, ఎవరికి తెలుసు? బియ్యం లారీ ప్రతి గురువారం దిగుతుందని ఆ దారిలో మేకలు కాసేవాళ్ళకి కూడా తెలుసు. వాళ్ళకి ఎలా తెలిసిందో నాకు మాత్రం తెలీదు. నువ్వూ తెలిసినట్టు మాట్లాడకు.

రేడియోలన్నీ కెప్టెన్ సారు తీసేసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఏం చెయ్యాలో తెలియక బూట్లు తుడుచుకున్నాం.

బిస్కెట్లు అందాయి. చాలా బావున్నాయని రాయాలి. రాశాను.

రొదెల్


ఇలోయిలో నగరం
ఆగస్టు

తోతో,

క్రిసాంతో పెట్టె వచ్చింది. ఖననానికి వెళ్ళాను. తొమ్మిది రోజుల ప్రార్థనలకీ వెళ్ళాను. రోజూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని, అందరూ లేచినప్పుడు లేచాను.

ఆఖరి రోజున తెరెసీటా కాఫీ ఇస్తూ అడిగింది. "అక్కా, ఆయన నా మాట విన్నారా? మీ తమ్ముడేమన్నా రాశాడా?" విన్నాడన్నాను. చొక్కా మార్చుకున్నాడని చెప్పాను. "మార్చుకున్నారా!" అని మొహం వెలిగింది. అంతకు మించి నేనేమీ చెప్పలేదు. కాఫీ తాగి ఇంటికొచ్చాను.

ఇప్పుడు కార్యక్రమంలో ఊళ్ళ పేర్లు లేవు, రోజుల పేర్లు లేవు, లారీలు లేవు. తల్లుల మాటలు ముందు నేను విని, కత్తిరించి, అప్పుడు మైకు ఇస్తున్నాను. "బాగున్నావా? తింటున్నావా? దేవుడు చల్లగా చూడాలి." అందరివీ ఇవే మాటలు. ఒకావిడ, "ఇదేమైనా సంతాప సందేశమా? మావాడు తన తల్లేనని ఎలా గుర్తుపడతాడు?" అని విసుక్కుని వెళ్ళిపోయింది. వినేవాళ్ళు తగ్గారని సెనోన్ సారు గొణుగుతున్నారు. గొణగనీ.

తెరెసీటా మాత్రం ప్రతి ఆదివారం వస్తోంది. కబురు చెప్పడానికి ఆమెకిప్పుడు ఎవరూ లేరు. మెట్లమీద కూర్చుని వచ్చినవాళ్ళకి వరస చెప్తుంది.

నువ్వు నాలుగు వారాలుగా రాయలేదు. వార్తల్లో అంతా ప్రశాంతంగా ఉందని చెప్తున్నారు. నేనే చదువుతున్నాను ఆ ముక్క, సైన్యం ఆఫీసు పంపిన కాగితం చూసి. చదివినప్పుడల్లా నీ మొహం గుర్తొచ్చి భయమేస్తోంది.

మినియా


ఇక్కడ
సెప్టెంబరు

అక్కా,

ఈ ఉత్తరం కింద ఊళ్ళో అరటిపళ్ళమ్మే ఆవిడ బుట్ట అడుగున వస్తోంది. ఆవిడ అన్నదమ్ములు అవతలి వైపున్నారు. అయినా పట్టుకెళ్తానంది. ఎందుకని అడగలేదు.

వారం పైగా చుట్టుముట్టి ఉన్నారు. దారి మూసేశారు. పైవాళ్ళు మొదట్లో వస్తున్నాం, వస్తున్నాం అన్నారు. తర్వాత వానకి వైర్‌లెస్ మూగబోయింది. వాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారనుకోవాలి.

వాగు ఇప్పుడు వాళ్ళదైపోయింది. కప్పుమీంచి పడే వాన తాగుతున్నాం. మూడు రోజులుగా వాన లేదు. గాయపడినవాళ్ళకి ముందు ఇస్తున్నాం. సార్జెంటు తన వంతు తాగినట్టు నటించి పక్కవాడి గ్లాసులో పోస్తున్నాడు. అందరం చూసీ చూడనట్టున్నాం.

ఊరి పేరు చదవకు అన్నవాణ్ణి నేనే. ఇప్పుడు చదువు. సాన్ రోకె బడిలో బతికే ఉన్నామని చదువు. అంతా ప్రశాంతం అని నువ్వు చదివింది కెప్టెన్ సారు రేడియోలో విన్నాం. ఒకడు నవ్వాడు, ఆపలేకపోయాడు.

నీళ్ళ సంగతి మాత్రం చెప్పకు. ఎన్నాళ్ళు ఆగగలమో వాళ్ళు లెక్కేసుకుంటున్నారు. నీళ్ళు అసలు లేవని తెలిస్తే దాహంతో దిగుతామనో, ఎవరో ఒకరు మాకు తెస్తారనో వాగు దగ్గరే కాచుకుంటారు.

భయం లేదు. నోరు ఎండిపోతే భయానికి కూడా ఓపిక ఉండదు.

తోతో


ఇలోయిలో నగరం
సెప్టెంబరు

తోతో,

ఇది ఎక్కడికి పంపాలో తెలీదు. రాసి పెట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం శనివారం చేరింది. చివర తోతో అని సంతకం చేశావు. అది చూసి కూర్చుండిపోయాను.

సైన్యం ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, అక్కడ పరిస్థితి అదుపులో ఉంది. మీలాంటివాళ్ళు లేనిపోనివి చదివితే మావాళ్ళ ప్రాణాలకే ముప్పు. వంతెన సంగతి మర్చిపోయారా?" అన్నాడు. మర్చిపోలేదన్నాను.

ఆదివారం మధ్యాహ్నం సెనోన్ సారు ఉత్తరం రెండుసార్లు చదివారు. "బడిలో బతికే ఉన్నారని చదివితే ఎవరు కదుల్తారు మినియా? ఉన్నారుగా అనుకుని ఇంకో కాఫీ తాగుతారు. నీళ్ళు లేవంటేనే ఎవరికైనా గుండె కొట్టుకునేది" అన్నారు. నీళ్ళమాట వద్దని నువ్వు రాశావని చూపించాను. "చూశాను. అక్క నువ్వు. నువ్వే తేల్చు" అని గదిలోంచి వెళ్ళిపోయారు.

మెట్లమీద తెరెసీటా ఉంది. పిలిచి ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో అడక్కు. చదివి మడిచి ఇచ్చింది.

"వంతెన సంగతి నాకు తెలుసక్కా. ఖననంనాడే ఎవరో నా చెవిన వేశారు. మీరు చెప్పలేదని కోపం లేదు" అంది. "నేను నోరు జారాను, వాళ్ళు విన్నారు. ఇప్పుడు మీరు నోరు కట్టుకుంటే ఎవరు వింటారు? చదవండి. నీళ్ళతో సహా చదవండి."

చదివాను. ఊరి పేరు, బడి పేరు, నీళ్ళు లేవని. రెండు సార్లు చదివాను. గొంతు వణకలేదు. వణికితే బాగుండేదేమో.

ఆ సాయంత్రం నుంచి ఫోన్లు ఆగలేదు. మనీలా పత్రికలవాళ్ళు, బిషప్‌గారి ఆఫీసు, ఎవరెవరో. స్టేషన్ ముందు తల్లులు నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరికివ్వాలో తెలియక మెట్లమీద పెట్టి వెళ్ళారు. మెట్లన్నీ సీసాలే. మంగళవారం ఆ ఫోన్ మనిషే మళ్ళీ చేశాడు. ఒక దళం బయల్దేరుతోందట. మర్యాదగానే చెప్పాడు, నా మీద కోపం అణుచుకుంటూ.

నువ్వు వద్దన్నదే చేశాను. తిట్టడానికైనా రాయి.

మినియా


బడి నుంచి
సెప్టెంబరు

అక్కా,

బతికే ఉన్నాను. ఎడమ చెయ్యి కట్టుతో ఉంది, కుడిచేత్తో రాస్తున్నాను, కాబట్టి కంగారు పడకు.

మన ఊరి రెనాతోకి కాలు పోయింది. హెలికాప్టర్ ఈరోజు గాయపడ్డవాళ్ళని పట్టుకెళ్తోంది, అతనితోనే ఈ ఉత్తరం పంపుతున్నాను.

నీళ్ళమాట చదివావు. విన్నాం. కెప్టెన్ సారు రేడియో మా మధ్య పెట్టుకుని వింటున్నారు. నువ్వు రెండోసారి చదివేటప్పుడు ఎవరూ తల ఎత్తలేదు. చదివేశావని తెలిసిన తర్వాత సార్జెంటు తన గ్లాసు నిజంగానే తాగాడు.

శుక్రవారం పొద్దున దళం వచ్చింది. దారి వదిలేసి వాగు వెంబడి ఎక్కారు, దగ్గరదారి అదే. దారిలో డబ్బాలు నింపుకుని మోసుకొస్తున్నారు. అవతలివాళ్ళు సరిగ్గా అక్కడే ఉన్నారు. ఇద్దరు పోయారు. ఒకడిది మనీలా వైపు, పేరు ఇంకా సరిగ్గా తెలీదు. రెండోవాడు యూలోహియో, మనవైపు గింబాల్ ఊరివాడు. వాళ్ళు వస్తున్నారని మేం కొందరం ఎదురు దిగాం, ఈత రానివాణ్ణని నేను వాగు ఒడ్డున ఆగిపోతే వాడే చెయ్యి ఊపి పిలిచాడు. కలిసి రెండు నిమిషాలు కూడా లేము.

వాడి భుజాన ఉన్న డబ్బాకి తూటా తగల్లేదు. నిండుగానే ఉంది. నేను తాగాను. అందరం తాగాం. ఇప్పుడు చెప్పాలంటే చాలా చల్లగా ఉంది ఆ నీరు.

నువ్వు చదివావు కాబట్టే వాళ్ళు వచ్చారు. నువ్వు చదివావు కాబట్టే వాగు దగ్గర కాచుకున్నారు కూడా అనుకుంటున్నాను. నాకు రెండూ తెలుసు. ఏది పెద్దదో అడక్కు. కోపం ఉందా అని అడక్కు. వెతికాను, దొరకలేదు.

వాళ్ళిద్దరినీ వరండాలో పడుకోబెట్టి టార్పాలిన్ కప్పాం. హెలికాప్టర్‌లో గాయపడ్డవాళ్ళకే చోటు చాలలేదు. మళ్ళీ వస్తామన్నారు.

రొదెల్


ఇలోయిలో నగరం
ఆదివారం సాయంత్రం

తోతో,

రెనాతో భార్య నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. పదకొండింటికి చదివాను. చదివి సంచిలో పెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను.

మెట్లమీద మొదటి వరసలో ఒక ముసలావిడ. గింబాల్ నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిందట. పేరు పాస్కువాలా. ఎవరికోసమమ్మా అంటే, "మా యూలోహియో కోసం. రేడియోలో మీరు నీళ్ళు లేవని చదివారు కదా, వాళ్ళకి నీళ్ళివ్వడానికి వెళ్ళింది మావాడి దళమే. వెళ్ళేముందు కబురు పెట్టాడు" అంది. గర్వంగా చెప్పింది. చుట్టూ ఉన్న వాళ్ళందరూ ఆమె చేతులు పట్టుకుని ఊపారు. తెరెసీటా నీళ్ళ సీసా ఒకటి తీసి ఇచ్చింది.

ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు. సైన్యం ఆఫీసుకి ఫోన్ చేశాను. శవం కిందకి దిగి, గుర్తుపట్టేదాకా ఇంటికి చెప్పరట, నన్నూ చెప్పొద్దన్నారు. పద్ధతట. పద్ధతిలో తప్పేముంది? నేను సరే అన్నాను. సంచి భుజాన్నే ఉంది.

ఆమె వంతు వచ్చింది. పంపించెయ్యొచ్చు, ఈరోజు సమయం లేదని చెప్పొచ్చు. ఆమె చెప్పులు విడిచి గదిలోకి వచ్చి, మైకుకి దణ్ణం పెట్టుకుంది. నేను ముందు విని కత్తిరించాలి కదా. కత్తిరించడానికి నాకు చెయ్యి రాలేదు. నేరుగా మైకు ఇచ్చేశాను.

"యూలోహియో బాబూ, ఎక్కడున్నావో చెప్పొద్దన్నారు. చెప్పను. అసలు నాకు తెలిస్తే కదా! నీ పందెం పుంజు బాగానే ఉంది. మీ మావయ్య అడిగాడు, అమ్మనన్నాను. పొద్దున్నే నువ్వున్నట్టే కూస్తోంది. వాళ్ళకి నీళ్ళు ఇచ్చావు కదా, నువ్వు కూడా తాగు. పరాయివాళ్ళకి పెట్టి నువ్వు మానెయ్యడం నీకు చిన్నప్పట్నించీ అలవాటు" అంది. అయిపోయిందా అని నన్ను చూసింది. అయిపోయిందన్నాను.

బయటికి వెళ్ళేటప్పుడు అడిగింది. "అమ్మాయ్, అంత దూరం వినబడుతుందా? మావాడు వింటాడా?"

నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. తెరెసీటాని అడిగితే, తల ఊపాననే అంది.

అడక్కు అని రెండుసార్లు రాశావు. అడగను. నాకు తిండి సయించడం లేదు, అంతే.

మినియా


సాన్ రోకె బడి, తుగాస్ కొండ, మిందనావ్
సోమవారం

అక్కా,

పైన ఊరి పేరు రాశాను. ఇక్కణ్ణించి దిగిపోతున్నాం, ఎవరు చదివినా ఫర్వాలేదు.

నిన్న వాన. హెలికాప్టర్ రాలేదు. ఈ పొద్దున వచ్చింది, నువ్వు రాత్రి సైన్యం విమానంలో పంపిన ఉత్తరం నాకిచ్చి వాళ్ళిద్దరినీ తీసుకెళ్ళింది.

నిన్న కెప్టెన్ సారు రేడియోలన్నీ తిరిగి ఇచ్చేశారు. మేము అలవాటు కొద్దీ సార్జెంటు రేడియో తీసుకొచ్చి వరండా గట్టుమీద పెట్టాం. వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. వాన వరండాలోకి కొడుతోంటే గోడవారకి జరిపాం. ఆ తల్లి యూలోహియో పేరు చెప్పగానే సార్జెంటు కట్టెయ్యబోయాడు. కెప్టెన్ సారు వద్దని చెయ్యి అడ్డం పెట్టి, వానచప్పుడుకి సరిగ్గా వినబడటం లేదని శబ్దం పెంచారు. పుంజు సంగతి కూడా విన్నాం. ఎవరూ లేవలేదు. నాటకం మొదలయ్యాక కూడా లేవలేదు.

ఆమె మళ్ళీ వచ్చి అడిగితే వినబడిందని చెప్పు. తల ఊపకు, నోటితో చెప్పు. అబద్ధం కాదు. రేడియో అతని తల దగ్గరే ఉంది.

తోతో